పేరు పిలిచారని లేచింది

మా అమ్మకు రాని అవార్డుకు కర్నూల్లో ఫ్లెక్సీలు కట్టారు. మా వీధి మలుపులో కరెంటు స్తంభానికి ఒకటి, నాటకాలవాళ్ళు పొద్దున్నే చేరే టీ అంగడి ముందర ఇంకొకటి. రాణి వేషంలో ఉన్న పాత ఫొటో వేశారు, కిరీటం సగం తెగిపోయింది. కింద పెద్ద అక్షరాలతో ఉత్తమ సహాయ నటి అని, హార్దిక అభినందనలు అని రాయించారు. అప్పటికింకా హైదరాబాదులో ఆ సభే జరగలేదు.

నా నోరు మంచిది కాదని మా వీధిలో ఎవరినడిగినా చెప్తారు. నేను బ్యూటీ పార్లరు నడుపుతాను, పెళ్ళికూతుళ్ళ తల్లులతో రోజూ ఏదో ఒక గొడవే. ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం కూడా ఆ నోరే. కోపం కొంచెం చల్లారితే గానీ తిట్లు లేకుండా రాయలేనని తెలుసు. చల్లారిందని కాదు, ఇంక ఆగలేక రాస్తున్నాను.

అమ్మ పుట్టిల్లు ఆలూరు వైపు ఒక పల్లె. భూములున్న ఇల్లు. వాన పడితే వేరుశనగ, లేకుంటే లేదు, అయినా ఆ ఇంట్లో పరువుకు మాత్రం ఏ ఏడూ కరువు రాలేదు. నేను కడుపులో ఉండగా మా నాన్న పనికని బళ్ళారికి పోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. మామ, అంటే అమ్మకు అన్న, చెల్లెలిని ఇంటికి తెచ్చి, వంటింటి పక్కన ఒక మూల చూపించి గుట్టుగా పడి ఉండమన్నాడు. అమ్మ పడి ఉండేదే. కానీ ఆమెకు గొంతు ఉంది.

మా వైపు పల్లెల్లో జాతరకు రైతులే పౌరాణిక నాటకం ఆడతారు. మగ వేషాలు ఊళ్ళోవాళ్ళు వేస్తారు, ఆడ వేషాలకు మాత్రం బయటినుంచి ఆర్టిస్టులను పిలిపిస్తారు. అంటే ఇంటి ఆడపిల్ల ముఖానికి రంగు పూసుకోకూడదు గానీ, ఇంకెవరింటి పిల్లో పూసుకుంటే ముందు వరసలో కూర్చుని ఈలలు వేయొచ్చు. పద్యాలు నేర్పడానికి కర్నూలు నుంచి ఒక హార్మోనియం మాస్టారు వచ్చేవాడు, సాయిబు. పశువుల కొట్టంలో అమ్మ తనలో తాను పాడుకుంటుంటే ఆయన గోడ అవతలినుంచి విన్నాడు. ఈ గొంతును మూల పెట్టి చంపుకోవద్దు చెల్లెలా అని చెప్పి పోయాడట. నేను పుట్టి మూడో నెల రాగానే అమ్మ నన్ను చంకనేసుకుని కర్నూలు బస్సెక్కింది. మొదటి నాటకం ఆడిందని తెలియగానే మామ కబురు పంపాడు, నీకు నీళ్ళొదిలినాం అని. బతికున్న మనిషికి నీళ్ళొదలడమంటే ఏమిటో మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ తర్వాత అమ్మ ఆ గడప తొక్కలేదు. అవ్వ, అంటే అమ్మ వాళ్ళమ్మ, ముఖం ఎట్లా ఉంటుందో నాకు చాలా ఏళ్ళు తెలియదు.

అమ్మ వెంట ఊరూరూ తిరుగుతూ గ్రీన్‌రూముల్లో పెరిగాను. గ్రీన్‌రూమంటే ఏదో అనుకునేరు, బడి గదో ట్రాక్టరు షెడ్డో, ముందర అడ్డం కట్టిన దుప్పటి. అమ్మ ముఖానికి రంగు పూయడం అక్కడే నేర్చుకున్నాను. ఇప్పుడు నా బువ్వ దానిమీదే.

డోన్ వైపునుంచి వచ్చిన ఒక కొత్త డైరెక్టరు అమ్మను ఏదో నాటకంలో చూసి, తన సినిమాలో తల్లి వేషానికి అడిగాడు. చిన్న సినిమా. ఇల్లు వదిలిపోయిన కూతురు ఏళ్ళ తర్వాత తిరిగొస్తుంది, తల్లి తలుపు తీస్తుంది. అమ్మకున్న పెద్ద సీను అదే. కాగితం మీద తల్లికి పేజీ నిండా మాటలున్నాయట. గుక్క తిప్పుకోకుండా పద్యాలు పాడే మనిషి, ఆ మాటల్లో ఒక్కటీ అనలేకపోయింది. తలుపు తీసింది, నిలబడింది, ఆ పిల్ల చెంప తడిమి, "బువ్వ తింటివా?" అని అడిగింది. డైరెక్టరు అదే ఉంచేశాడు.

థియేటర్లో ఆ సీను దగ్గర ఆడవాళ్ళు ముక్కులు చీదడం విన్నాను. ఇంటికొచ్చాక, ఆ మాట ఎట్లా తోచిందని అడిగాను. అమ్మ వంకాయలు కోస్తోంది, తలెత్తలేదు.

"మా యమ్మయితే అదే అడుగుతాది."

ఆ తలుపు ముందు అమ్మ ఎన్నేళ్ళనుంచి మనసులో నిలబడి ఉందో నాకు అప్పుడు తెలిసింది. సినిమాలో తలుపుకు ఇవతలి పక్క నిలబడే వేషం ఇచ్చారు గానీ, ఆమె బతుకంతా అవతలి పక్కే.

ఆ సంవత్సరం పెద్ద అవార్డులకు వేసిన పేర్లలో అమ్మ పేరు వచ్చింది. ఐదుగురు సహాయ నటీమణులు. నలుగురివీ బస్టాండు పోస్టర్ల మీద చూసే ముఖాలు, ఐదోది మా అమ్మది. మాస్టారు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆయనకు ఊపిరందడం లేదు, కళ్ళలో నీళ్ళు. సాయంత్రానికల్లా ఆయన కట్టించిన ఫ్లెక్సీలు లేచాయి.

మాస్టారిని తప్పు పట్టను. నాటక పోటీలు జరిపే పరిషత్తుల్లో పద్ధతి వేరు. నీ పేరు లిస్టులోకి ఎక్కిందంటే, గెలిచినా గెలవకపోయినా, మైకులో పేరు పిలుస్తారు, శాలువా కప్పుతారు, చేతిలో షీల్డు పెడతారు. మా ఇంట్లో అల్మారా నిండా అవే, వాటి దుమ్ము తుడవలేక చస్తుంటాను. ముప్పై ఏళ్ళు ఆ స్టేజీల మీద తిరిగినవాళ్ళకు లిస్టులో పేరంటే అవార్డు కిందే లెక్క. నేను అమ్మను కూర్చోబెట్టి చెప్పాను, ఐదుగురినీ పిలుస్తారు గానీ ఒక్కరికే ఇస్తారని.

"పిలిచినాక ఉత్త చేతుల్తో పంపుతారా యెవురన్నా?" అంది.

మా వైపు ఆ మాటకు తిరుగు లేదు. పగవాళ్ళింటి ఆడమనిషి గడపలోకొచ్చినా సరే, బొట్టు పెట్టి, చేతిలో రవికె గుడ్డ పెట్టి పంపుతారు. అంత పెద్ద సభ చేసేవాళ్ళు, అంత దూరంనుంచి రమ్మని పిలిచినవాళ్ళు, రవికె గుడ్డపాటి మర్యాద చేయరా అని అమ్మ ఉద్దేశం.

అప్పుడు మామ ఫోను చేశాడు. ఫ్లెక్సీ ఫొటో ఎవరో ఆయనకు పంపారు. మామ అప్పుడు సర్పంచి పదవి కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. నీళ్ళొదిలిన నోటితోనే, ఊరికి పేరు తెస్తివి గదమ్మా అన్నాడు. ఊరి మొదట్లోనుంచి ట్రాక్టరు మీద, తప్పెట్లతో తీసుకుపోతానన్నాడు. అమ్మ అవేమీ పట్టించుకోలేదు, అమ్మ ఎట్లుండాదన్నా అని అడిగింది. మంచం పట్టింది, నిన్నే కలవరిస్తాందని చెప్పాడు. అయితే రేపే వస్తానంది అమ్మ. అక్కడ మామ గొంతు మారింది.

"రేపొద్దులేమ్మా. అవార్డు చేతికి రానీ. అది పట్టుకోనొస్తే ఊర్లో యెవురూ నోరెత్తరు. ఉత్తగా వస్తే నేనేమని చెప్పేది?"

ఫోను లాక్కుని నాలుగు దులిపేద్దామనుకున్నాను. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఇన్నేళ్ళకు అన్న నోటినుంచి రమ్మన్న మాట వచ్చిందే, దానికి ఏ షరతు తగిలించినా ఆమెకు సమ్మతమే. ఆ సాయంత్రమే బజారుకు పోయి అవ్వకు ఒక నూలు చీర కొంది. మంచంలో ఉండే మనిషికి ఒంటికి గుచ్చుకోకూడదని అంగడిలో ప్రతి చీరనూ చెంపకు ఆనించి చూసింది. అవార్డు మన ఇంట్లో పెట్టుకోవద్దు, మా యమ్మ మంచం కాడ పెట్టొద్దామంది. నేను సరేనన్నాను. ఏమనాలి మరి?

హైదరాబాదులో ఆ రోజు అమ్మకు నేనే ముస్తాబు చేశాను. రాణి వేషాలకు మందంగా పూసి పూసి అలవాటైన చేతులు, ఆ రోజు కాసింత పౌడరు, ఎర్రటి బొట్టు, అంతే. హాల్లో ఏసీకి అమ్మ కొంగు కప్పుకుని ముడుచుకు కూర్చుంది. చుట్టూ సెంటు వాసనలు. ముందు వరసల్లో ఎవరెవరో తారలున్నారు, అమ్మ ఒక్కరినీ చూడలేదు. చీర మడత సరిచేసుకుంటూ స్టేజీ మెట్లు ఎటువైపున్నాయో వెతుక్కుంది.

సహాయ నటి వంతు వచ్చింది. ఒక్కొక్కరి సీను తెర మీద వేసి పేరు చదువుతున్నారు. ఒకామె వానలో అరుస్తోంది, ఇంకొకామె ఆసుపత్రిలో కూలబడుతోంది. చివర అమ్మ తలుపు తీసింది. బువ్వ తింటివా అన్న మాటకు హాలంతా చప్పట్లు. అమ్మ పేరు చదివారు.

అమ్మ లేచింది.

పరిషత్తుల్లో పేరు పిలవగానే లేవాలి, ఆలస్యం చేస్తే పొగరంటారు. కొంగు పట్టుకుని లాగాను, అది నా చేతిలోంచి జారిపోయింది. అప్పటికే అమ్మ వరసల మధ్యకు వెళ్ళిపోయి, అటూ ఇటూ దణ్ణాలు పెడుతూ స్టేజీ వైపు నడుస్తోంది. పక్కనున్నవాళ్ళు నవ్వుకుంటూ దారి ఇచ్చారు. స్టేజీ మీద ఎవరో కవరు చించి పేరు చదివారు. అది అమ్మ పేరు కాదు.

అమ్మకు అర్థం కాలేదు. చప్పట్లు తనకేననుకుని నవ్వుముఖంతో అక్కడే నిలబడింది. గెలిచిన అమ్మాయి వెనకనుంచి పొడుగు గౌను ఎత్తిపట్టుకుని వచ్చింది, దారిలో అమ్మను చూసి ఆగి, గట్టిగా కౌగిలించుకుంది. కెమెరాలు మూగాయి. ఆమె పైకి పోయి షీల్డు తీసుకుని, నిజానికి ఇది ఆ తల్లిది అని మైకులో చెప్పింది. మళ్ళీ చప్పట్లు. మాట అమ్మకిచ్చింది, షీల్డు ఆమె పట్టుకుపోయింది. ఆ పిల్ల తప్పేమీ లేదు, బాగా నటించింది, ఆ సినిమాకు నేనూ ఏడ్చాను. అయినా నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

ఎవరో వాలంటీరు అమ్మను తెచ్చి నా పక్కన కూర్చోబెట్టాడు. కొంతసేపయ్యాక అమ్మ నా చెవిలో, మళ్ళా పిలుస్తారా అని అడిగింది. పిలవరు అమ్మా, అయిపోయింది అన్నాను. నా చెయ్యి పట్టుకుంది. తిరుగు బస్సులో కర్నూలు దగ్గర పడ్డాక కిటికీ వైపు చూస్తూ, "మా యమ్మకేం చెప్పాల?" అంది.

ఆమె నడిచిన వీడియో ఊరంతా తిరిగింది. అయ్యో పాపం అన్నవాళ్ళు కొందరు, పెళ్ళి బ్యాండు చప్పుడు తగిలించి నవ్వుకున్నవాళ్ళు ఇంకొందరు. ఒకరోజు నా పార్లర్లోనే ఒక పెళ్ళికూతురి తల్లి, అది మా అమ్మ అని తెలియక, ఫోను నాకే చూపించి పడీ పడీ నవ్వింది. ఆమె కూతురి జడ ఆ రోజు కాస్త గట్టిగానే బిగించాను.

వీధి మలుపులో ఫ్లెక్సీని మాస్టారే స్టూలు వేసుకుని విప్పేశాడు. తర్వాత చాలా రోజులు మా గడప తొక్కలేదు. టీ అంగడి ముందరిదాన్ని అంగడతను విప్పి, ఎండకు అడ్డంగా పైన కట్టుకున్నాడు, బొమ్మ లోపలికి వచ్చేటట్లు. అక్కడ టీ తాగేవాళ్ళు తలెత్తితే మా అమ్మ కనిపిస్తుంది. అమ్మ ఆ దారిన పోవడం మానుకుంది.

మామ మళ్ళీ ఫోను చేయలేదు. అమ్మ చేస్తే అత్త ఎత్తేది. చేనికి పోయినాడంటుంది, ఒకసారి పండుకున్నాడంటుంది, పోను పోను ఎత్తడమే మానేసింది. మనమే పోదాం పద, ఎవడడ్డమొస్తాడో చూస్తాను అని నేను ఎగిరాను. పిలవందే ఎట్ల పోతాం అంది అమ్మ. పెళ్ళాం పిల్లలున్నవాడు ఊర్లో తలెత్తుకోవాల గదా అని వాడినే వెనకేసుకొచ్చింది. నేను తిట్టాను, ఆమె వినలేదు. నూలు చీర అల్మారాలో షీల్డుల పక్కన ఉండిపోయింది. అప్పుడప్పుడు తీసి, దులిపి, మళ్ళీ మడిచి పెట్టేది.

అవ్వ పోయిన సంగతి కూడా మామ చెప్పలేదు. ఆ ఊరి నాటకాలాయన ఎవరో వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో పెడితే, మాస్టారు చూసి, చెప్పలేక చెప్పలేక మా ఇంటికొచ్చాడు. ఆయన నోరు తెరవకముందే అమ్మకు తెలిసిపోయింది. లేచి చీర తీసి సంచిలో పెట్టుకుంది. చావుకు పిలుపు అక్కర్లేదు.

ఆలూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఆ ఏడు వానల్లేవు, చేలన్నీ దున్ని వదిలేసినవి దున్నినట్లే ఉన్నాయి. ఊరి మొదట్లో దిగి నడిచాం. ట్రాక్టరెక్కించి తీసుకుపోతానన్న దారి అదే. రచ్చమీద కూర్చున్నవాళ్ళు మమ్మల్ని గుర్తుపట్టారు, వీడియో పుణ్యమా అని.

వాకిట్లో బల్లమీద అవ్వను పడుకోబెట్టారు. చాలా చిన్న మనిషి. నేను మొదటిసారి చూడడం అదే. ముక్కు అచ్చం అమ్మది. అమ్మ వెళ్ళి నూలు చీరను అవ్వ మీద కప్పింది, చెంప తడిమింది, అచ్చు సినిమాలో తడిమినట్లే. చుట్టూ ఆడవాళ్ళు శోకాలు ఆపి చూస్తున్నారు. ఒకరిద్దరి చేతుల్లో ఫోన్లు పైకి లేచాయి.

అమ్మ కళ్ళలో చుక్క నీరు లేదు.

"యేడ్చవేం తల్లీ," అంది మా అత్త, "నాటకాల్లో ఊరూర్నీ యేడిపిస్తాంటివంట గదా."

వెనకనుంచి ఎవరో, మైకు ల్యాకుంటే రాదేమోలే అన్నారు. నేను అటు తిరిగాను, నోట్లో మాట సిద్ధంగా ఉంది. అమ్మ నా మణికట్టు పట్టుకుని గోళ్ళు దిగేలా నొక్కింది. ఏడిస్తే ఆడిందంటారు, ఏడవకుంటే రాయంటారు. ఏ తల్లి కోసమైతే ఇన్నేళ్ళు లోపల్లోపల ఏడ్చిందో, ఆ తల్లి ముందర ఏడ్చే వీలు లేకుండా చేశారు. మామ ఒకసారి ఇటు చూసి, వస్తివా అని, పాడె కట్టేవాళ్ళ వైపు పోయాడు.

అవ్వను ఎత్తుకుపోయాక ఆడవాళ్ళం ఇంటి దగ్గర మిగిలాం. ఎవరూ మాతో మాట్లాడలేదు. పశువుల కొట్టం పక్కన కాళ్ళు కడుక్కుంటుంటే, అవ్వకు రోజూ నీళ్ళు పోసిన ముసలామె ఒకామె దగ్గరికొచ్చింది. ఇంటి వైపు ఒకసారి చూసుకుని అమ్మ చెవి దగ్గర చెప్పింది.

"నువ్వొస్తాండావని చెప్పినకాన్నించి, దినామూ తల దువ్వమని చంపుతాండె. అవార్డు రాలేదు, ఆయమ్మ రాదు అని చెప్పిరి మీ వాళ్ళు. అదేమన్నా బంగారమా, ఉత్త చేతుల్తోనే రమ్మనండ్రా నా బిడ్డను, అని నెత్తీనోరూ కొట్టుకున్యాది. యెవురూ నీకు చెప్పల్యా?"

ఎవరూ చెప్పలేదన్నట్లు అమ్మ తల అడ్డంగా ఊపింది. చెంబు కింద పెట్టింది. కాళ్ళు కడుక్కోవడం సగంలోనే ఆపేసి, ఒక కాలు తడి, ఒక కాలు దుమ్ము, గేటు వైపు నడిచింది. నేను సంచి తీసుకుని వెనక పరుగెత్తాను. సంచి ఖాళీగా ఉంది.

మా వైపు చావింటినుంచి పోయేటప్పుడు పోయొస్తామని చెప్పకూడదు. ఎంత దగ్గరివాళ్ళయినా తలొంచుకుని, మాట లేకుండా లేచిపోవాలి. మళ్ళీ రావడమనే మాట ఆ వాకిట్లో అనడం అరిష్టం. అమ్మకు ఆ సంగతి నాకన్నా బాగా తెలుసు.

గేటు దగ్గర ఆగింది. ఇంటి వైపు తిరిగింది. తెరిచి ఉన్న తలుపు, లోపల అవ్వ మంచం, మంచం మీద చుట్టిపెట్టిన పరుపు కనిపిస్తున్నాయి. ఆ గొంతు మైకు లేకుండా జాతరలో చివరి మనిషికి వినిపించే గొంతు. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో అది ఒక్కసారీ పైకి లేవలేదు.

"అమ్మా, పోయొస్తా," అంది.

శోకాలు ఆగిపోయాయి. అత్త పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఫోన్లు పట్టుకున్నవాళ్ళ చేతులు కూడా కిందికి దిగాయి. అమ్మ కళ్ళనుంచి అప్పుడు కారడం మొదలైంది, చేత్తో ముఖమంతా తుడుచుకుంటే బొట్టు చెరిగి నుదురంతా ఎర్రగా అయింది. కొంచెంసేపు అట్లాగే చూస్తూ నిలబడింది. లోపలినుంచి ఎవరూ పలకలేదు. చావింట్లో ఆ మాటకు జవాబు చెప్పకూడదని మా వైపు అందరికీ తెలుసు.